ఊరు చందా వేసి బతికించుకున్న జట్టు

జపాన్ వృత్తి బేస్‌బాల్‌లో ఆడుతున్న 12 జట్లలో చాలావాటికి కంపెనీల పేర్లే ఉంటాయి. యోమియూరి ఒక దినపత్రిక, హాన్షిన్ ఒక రైల్వే సంస్థ, యాకుల్ట్ పులియబెట్టిన పాల పానీయం అమ్మే కంపెనీ, సాఫ్ట్‌బ్యాంక్ టెలిఫోన్ వ్యాపారం చేసే సంస్థ. జట్టు అంటే మాతృసంస్థకు నడిచే ప్రకటన అన్న భావన అక్కడ ఎంత బలంగా పాతుకుపోయిందంటే, జట్టు నష్టాలను కంపెనీ తన ప్రకటనల ఖర్చు కింద చూపుకోవడానికి 1954లో పన్నుల శాఖ అనుమతి కూడా ఇచ్చింది. జట్టు పేరులో ఊరి పేరు ముందుండడం ఐపీఎల్ చూసేవారికి ఎంత మామూలు విషయమో, జపాన్‌లో చాలాకాలం అంత అరుదైన విషయం. 1949 చివర్లో హిరోషిమా కార్ప్ పుట్టినప్పుడు మాత్రం దాని వెనక ఏ కంపెనీ లేదు. ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటి పాలనా ప్రాంతం) ప్రభుత్వం, చుట్టుపక్కల పట్టణాలు, కొందరు స్థానిక ప్రముఖులు కలిసి పెట్టుబడి పెడతామన్న హామీ మాత్రమే ఉంది. బేస్‌బాల్ లోకంలో సొంతూరి అభిమానానికి ఉదాహరణగా ఈ జట్టునే ఎక్కువగా చెబుతారు. అయితే ఆ అభిమానాన్ని మట్టి మహిమగా వర్ణించి వదిలేస్తే అసలు విషయం చేజారిపోతుంది. హిరోషిమా ప్రజలు తమ జట్టును ప్రేమించడానికి ముందే దానికి జీతాలు కట్టవలసి వచ్చింది.

1945 ఆగస్టు 6న పడిన అణుబాంబు వల్ల ఆ ఏడాది ముగిసేలోగా సుమారు 1,40,000 మంది చనిపోయారు. బతికినవారికి ఇల్లు, తిండి, వైద్యం దొరకడమే గగనమైన ఊళ్లో ఐదేళ్లు తిరగకముందే వృత్తి బేస్‌బాల్ జట్టు పెట్టాలనుకోవడం బయటివారికి వింతగా తోచవచ్చు. కానీ హిరోషిమా యుద్ధానికి ముందే బేస్‌బాల్ పిచ్చి ఉన్న ఊరు. అక్కడి వాణిజ్య పాఠశాల జట్టు 1924, 1929, 1930 సంవత్సరాల్లో జాతీయ ఉన్నత పాఠశాలల పోటీ గెలిచింది. ఆ పాఠశాలకు శిక్షణ ఇచ్చిన షూయిచి ఇషిమోతోయే కార్ప్‌కు తొలి మేనేజర్. కనుక బాంబు తర్వాత ఊరు కొత్తగా ఒక ఆటను నేర్చుకోలేదు. పోయినవాటిలో తిరిగి నిలబెట్టుకోగలిగిన ఒకదాన్ని పట్టుకుంది. జట్టు పేరు కూడా ఊరిదే. హిరోషిమా కోటకు చేపల కోట అన్న అర్థం వచ్చే పాత పేరు ఉంది, ఆ చేప కార్ప్.

1950లో, జపాన్‌లోని రెండు వృత్తి లీగ్‌లలో ఒకటైన సెంట్రల్ లీగ్‌లో ఆడిన తొలి సీజన్లో జట్టు 41 ఆటలు గెలిచి 96 ఓడిపోయింది. లీగ్‌లో అట్టడుగు స్థానం, మొదటి స్థానంలో నిలిచిన జట్టుకు 59 ఆటల దూరం. ప్రభుత్వాలు ఇస్తామన్న సొమ్ము సకాలంలో రాలేదు, ఆటగాళ్లకు జీతాలు అందలేదు. 1951 మార్చి నాటికి జట్టును షిమోనోసెకీలో ఉన్న తైయో జట్టులో కలిపేయాలన్న మాట దాదాపు ఖాయమైంది. ఆ నిర్ణయాన్ని ఆపడానికి ఇషిమోతో మైదానం వదిలి ఊళ్లమ్మట తిరిగాడు. కార్యాలయాలు, కర్మాగారాలు, పాఠశాలల్లో సభలు పెట్టి అభిమాన సంఘాలు కట్టించి, చిన్న మొత్తాల్లో చందాలు రాబట్టాడు. మైదానం ప్రవేశద్వారం దగ్గర సాకే, అంటే బియ్యంతో చేసే మద్యం, నింపే ఖాళీ పీపా ఒకటి పెట్టారు. ఆట చూడ్డానికి వచ్చినవారు టికెట్టు కొన్నాక, చేతిలో మిగిలిన నాణేలను అందులో వేసేవారు. హిరోషిమా చుట్టుపక్కల సాకే తయారీకి పేరున్న ప్రాంతం కావడం వల్ల పీపాలకు కొదవ లేదు. మేనేజర్ అన్నవాడు ఆట వ్యూహం కంటే వసూళ్ల లెక్క ఎక్కువగా చూసుకోవలసి రావడం ఏ లీగ్ చరిత్రలోనైనా అరుదే.

ఈ పీపా కథను హిరోషిమాలో పిల్లలకు కూడా చెబుతారు, అందుకే అది కొంత తీపెక్కింది కూడా. నిజానికి ఆ నాణేలు ఒక్కటే జట్టును నిలబెట్టలేదు. వ్యాపారుల సాయం, సంఘాల సభ్యత్వ రుసుములు, టికెట్ల రాబడి అన్నీ కలిసి నిలబెట్టాయి. అయినా ఆ పీపాకు ఉన్న విలువ వేరు. అప్పటివరకు ఆ జట్టు ఎవరో పెద్దలు పెట్టిన సంస్థ. చందా వేసిన రోజు నుంచి అది వేసినవాడిది కూడా అయింది. ఓడినా గెలిచినా పెట్టిన సొమ్ము ఏమైందో చూసుకునే హక్కు వచ్చినట్టే. ఆ మరుసటి ఏడాది ఈ సంబంధానికి ఇంకో పరీక్ష ఎదురైంది. ఏడు జట్లతో షెడ్యూలు కుదరక ఇబ్బంది పడుతున్న సెంట్రల్ లీగ్, 1952 సీజన్లో 30 శాతం కంటే తక్కువ విజయాలు సాధించిన జట్టును తొలగించాలన్న నిబంధన తెచ్చింది. అందరి చూపూ హిరోషిమా మీదే పడింది. జట్టు 37 గెలిచి 80 ఓడి, .316 సగటుతో, అంటే 31.6 శాతం విజయాలతో గట్టెక్కింది. రెండేళ్ల క్రితమే లీగ్ గెలిచిన షోచికు రాబిన్స్ .288 దగ్గర ఆగిపోయి తైయోలో కలిసిపోయింది. కార్ప్‌ను మింగుతుందనుకున్న జట్టు చివరికి మరొకదాన్ని మింగింది. ఆ ఏడాది హిరోషిమాలో అభిమానులు ఎదురు చూసినది విజయాల కోసం కాదు, పరాజయాలు ఒక హద్దు దాటకుండా ఉండడం కోసం. అంతటి అల్పాశతో మొదలైన అభిమానం తర్వాతి దశాబ్దాల ఓటములను తట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఊరు అన్న మాటకు అప్పటికే భౌగోళిక హద్దులు చెరిగిపోయాయని కూడా గమనించాలి. హవాయి, కాలిఫోర్నియాలకు జపాన్ నుంచి వలస వెళ్లినవారిలో హిరోషిమావారు చాలా ఎక్కువ. 1953లో కార్ప్ తరఫున ఆడడానికి అమెరికాలో పుట్టిన జపాన్ సంతతి ఆటగాళ్లు వచ్చారు: ఫిబర్ హిరయామా, జెనిమురా సోదరులు ఇద్దరు. ఆ సోదరుల తండ్రి కెనిచి జెనిమురా హిరోషిమాలో పుట్టి కాలిఫోర్నియాలో స్థిరపడినవాడు. యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం జపాన్ సంతతివారిని నిర్బంధించిన అరిజోనాలోని గీలా రివర్ శిబిరంలో ఎడారి నేలను చదును చేసి బేస్‌బాల్ మైదానం కట్టింది ఆయనే. ఊరు విడిచిపోయినవారి పిల్లలు, ఊరు కాలిపోయాక, ఊరి జట్టు కోసం తిరిగి రావడాన్ని జనం ఎలా తీసుకుని ఉంటారో ఊహించడం కష్టం కాదు.

1957లో నగర మైదానం తయారైంది. స్థానిక కంపెనీలు విరాళమిచ్చిన సొమ్ముతో, రాత్రి ఆటలకు దీపాలతో సహా కట్టిన ఆ మైదానం అణుబాంబుకు మిగిలిన గోపురపు భవనానికి ఎదురుగా, వీధికి అవతల పక్కనే ఉండేది. 2008 వరకు కార్ప్ ఆడింది అక్కడే. ఈ సామీప్యం నుంచి పెద్ద అర్థాలు లాగడం విదేశీ విలేఖరులకు అలవాటు. హిరోషిమా వాళ్లు దాన్ని అంత గంభీరంగా కాక, రోజూ చూసే వీధిలాగే చూశారనడం న్యాయం. ఆ ఊళ్లో బాంబు జ్ఞాపకానికీ ఆటకూ మధ్య ఒక పద్ధతైన దూరం ఉండేది: ఆగస్టు 6న దశాబ్దాల పాటు సొంత మైదానంలో ఆట పెట్టలేదు. 1958 తర్వాత ఆ తేదీన హిరోషిమాలో కార్ప్ మళ్లీ ఆడింది 2011లోనే. 2015లో అదే తేదీన జరిగిన ఆటలో జట్టు ఆటగాళ్లంతా తమ సొంత నంబర్లు పక్కన పెట్టి 86 నంబరు చొక్కా వేసుకున్నారు, అంటే ఎనిమిదో నెల, ఆరో రోజు.

చందాలతో ఒక వృత్తి జట్టు ఎంతకాలం నడుస్తుందన్న ప్రశ్నకు 1960లలో సమాధానం దొరికింది. అప్పులు పేరుకుపోయాక, హిరోషిమాలోనే పుట్టి పెరిగిన కార్ల కంపెనీ తోయో కోగ్యో, అంటే నేటి మాజ్దా, యాజమాన్యం చేతిలోకి తీసుకుంది. కంపెనీ అధిపతి త్సునేజి మత్సుదా జట్టు యజమాని అయ్యాడు, 1968 నుంచి జట్టు పేరు హిరోషిమా తోయో కార్ప్. దానితో ఇది కూడా అన్ని జట్లలాంటిదే అయిపోయిందని అనవచ్చు. కానీ మాజ్దా తన జట్టును టోక్యో సంస్థల్లాగా ప్రకటన బోర్డుగా నడపలేదు, నష్టాలు పూడ్చే బాధ్యత కూడా నెత్తిన వేసుకోలేదు. కంపెనీకి సుమారు మూడోవంతు వాటా ఉన్నా, జట్టు నిర్వహణ మత్సుదా కుటుంబం చేతిలో ఉంటుంది. ఖర్చు రాబడికి లోబడే సాగాలి. ఊరివాళ్లు మాత్రం పాత మాటే వాడుతూ వచ్చారు, పౌరుల జట్టు అని. వాటాల లెక్కల్లో అది ఎప్పుడో అబద్ధమైపోయింది. అయినా ఆ మాటకు పని ఉంది: అది యజమానికి పదే పదే గుర్తుచేసే ఒక పాత బాకీ.

ఈ పిసినారి లెక్కల ఫలితం మైదానంలో చాలాకాలం కనిపించింది. తొలి 25 ఏళ్లలో జట్టు పై సగంలో నిలిచింది ఒక్కసారే, 1968లో. 1972, 1973, 1974లలో వరసగా చివరి స్థానం. 1975లో జో లూట్జ్ అనే అమెరికన్ మేనేజర్‌గా వచ్చి, పోరాట స్ఫూర్తికి గుర్తుగా ముదురు నీలం టోపీని ఎరుపు టోపీగా మార్చాడు. అంపైర్‌తో గొడవపడి ఏప్రిల్‌లోనే వెళ్లిపోయాడు కానీ టోపీ రంగు ఉండిపోయింది. నేడు హిరోషిమా అంటే కనిపించే ఎరుపంతా అక్కడి నుంచి మొదలైనదే. తకేషి కోబా పగ్గాలు అందుకున్నాక జట్టు గెలుస్తూ పోయి అక్టోబర్ 15న టోక్యోలో, అదీ యోమియూరి వారి జెయింట్స్ జట్టు సొంత మైదానంలో, తొలి లీగ్ టైటిల్ గెలిచింది. విజయోత్సవ ఊరేగింపు చూడ్డానికి శాంతి వీధి పొడవునా లక్షల మంది నిలబడ్డారు. వారిలో కొందరు చనిపోయిన తమవారి ఫొటోలు పైకెత్తి పట్టుకున్నారు. పీపాలో నాణేలు వేసి, టైటిల్ చూడకుండానే పోయిన తల్లిదండ్రుల తరఫున చూడవలసిన బాధ్యత తమదని వారు భావించారన్నమాట. క్రీడాభిమానంలో పితృకార్యం లాంటి ఒక భాగం ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన దృశ్యం దొరకదు.

అదే ఏడాది ఇంకో ముఖం కూడా కనిపించింది. సెప్టెంబర్ 10న చునిచి జట్టుతో జరిగిన హోరాహోరీ ఆట ముగిశాక హిరోషిమా ప్రేక్షకులు మైదానంలోకి దూకి ప్రత్యర్థి ఆటగాళ్ల మీద దాడి చేశారు. మర్నాటి ఆట రద్దయింది. ఊరి ప్రేమను కీర్తించే వ్యాసాల్లో ఇది సాధారణంగా ఉండదు. జట్టు గెలుపోటములను తమ సొంత గౌరవంగా తీసుకునే జనం, ఆ గౌరవానికి దెబ్బ తగిలిందనుకున్నప్పుడు ఏం చేస్తారో చూపే సంఘటన కనుక దాన్ని దాచడం సరికాదు.

డబ్బు లేకపోవడం వల్ల జట్టుకు ఒక పద్ధతి అలవడింది: పేరున్న ఆటగాళ్లను కొనకుండా, పేరులేని కుర్రాళ్లను తెచ్చి కఠినంగా సాధన చేయించి తయారు చేయడం. ఈ పద్ధతి 1990లో డొమినికన్ రిపబ్లిక్‌లో శిక్షణ కేంద్రం తెరిచేదాకా వెళ్లింది. తర్వాత అమెరికాలో మేటి ఆటగాడైన అల్ఫోన్సో సొరియానో అక్కడి నుంచి వచ్చినవాడే. దీనివల్ల సొంతవాడు అన్న భావన పుట్టిన చోటుకు కాక పెరిగిన చోటుకు ముడిపడింది. 1975 జట్టుకు రెండు స్తంభాలు కోజీ యమమోతో, సచియో కినుగాసా. యమమోతో హిరోషిమావాడే. కినుగాసా క్యోతోలో, జపాన్ తల్లికీ నల్లజాతి అమెరికన్ సైనికుడికీ పుట్టినవాడు. ఆనాటి జపాన్‌లో అలాంటి పిల్లలను సమాజం ఎంత తేలిగ్గా పక్కన పెట్టేదో తెలిసిందే. అతను 1965 నుంచి 1987 వరకు కార్ప్‌కే ఆడి, వరసగా 2,215 ఆటల్లో పాల్గొని, అమెరికన్ ఆటగాడు లూ గెరిగ్ పేరున ఉన్న 2,130 ఆటల రికార్డును దాటాడు. గాయాలైనా ఆట మానని మనిషిగా హిరోషిమా అతన్ని తన ప్రతిరూపంగా చెప్పుకుంది. 1979, 1980, 1984లలో జట్టు, రెండు లీగ్‌ల విజేతల మధ్య జరిగే జపాన్ సిరీస్ గెలిచింది ఇలాంటివారి బలంతోనే.

1993లో జపాన్‌లో ఫ్రీ ఏజెన్సీ వచ్చింది. నిర్ణీత సంవత్సరాలు ఆడినవారు తమకు నచ్చిన జట్టుకు వెళ్లవచ్చన్న ఈ ఏర్పాటు ఆటగాళ్లకు న్యాయమైనదే. హిరోషిమాకు మాత్రం పెంచిన పిల్లలను పెద్ద ఇళ్లకు పంపే ఏర్పాటుగా మారింది. అకిరా ఎతో జెయింట్స్‌కు, తొమోఅకి కనెమోతో హాన్షిన్‌కు, తర్వాతి కాలంలో యోషిహిరో మారు జెయింట్స్‌కు వెళ్లిపోయారు. వీటన్నిటిలో ఊరు ఎక్కువగా గింజుకున్నది తకహిరో అరాయ్ విషయంలో. హిరోషిమాలో పుట్టి, చిన్నప్పటి నుంచి కార్ప్ అభిమాని అయిన అరాయ్ 2007లో హాన్షిన్‌కు వెళ్తున్నట్టు ప్రకటిస్తూ, కార్ప్ అంటే తనకు ప్రాణమని ఏడ్చాడు. ప్రాణమైతే ఎందుకు వెళ్తున్నావన్నది జనం ప్రశ్న. మరుసటి ఏడాది అతను ప్రత్యర్థిగా వచ్చినప్పుడు మైదానమంతా ఛీ కొట్టింది. యోషిహిరో మారు చిబా ప్రాంతంవాడు కనుక అతని మీద కోపం త్వరగా చల్లారింది. అరాయ్‌ది ఇంటివాడి తప్పు.

అదే కాలంలో హిరోకి కురోదా కథ మరో దారిలో నడిచింది. ఒసాకాలో పుట్టిన ఈ పిచ్చర్ (బంతి విసిరే ఆటగాడు) 2006లో ఫ్రీ ఏజెంట్ అయ్యే ముందు, సీజన్ చివర్లో స్టాండ్స్‌లో అభిమానులు ఒక పెద్ద బ్యానర్ ఎత్తారు. ఇన్నాళ్లూ కలిసి పోరాడామని, ఇకముందూ అంతేనని రాసి, నువ్వు కన్నీరు కారిస్తే ఆ కన్నీరు మేమవుతామన్న మాటతో అది ముగుస్తుంది. ఉండిపొమ్మని అడగని బ్యానర్ అది. అందుకే అది బరువైనది. కురోదా ఆ ఏడాది ఆగిపోయాడు. 2007 తర్వాత అమెరికా వెళ్లి డాడ్జర్స్, యాంకీస్ జట్లకు ఆడాడు. 2014 చివర్లో అమెరికా జట్లు అంతకు పలు రెట్లు ఇస్తామంటున్నా కాదని, సుమారు 40 కోట్ల యెన్‌లకు హిరోషిమాకు తిరిగొచ్చాడు. అదే శీతాకాలంలో హాన్షిన్ వదిలి, చాలా తక్కువ జీతానికి అరాయ్ కూడా తిరిగొచ్చాడు. భయపడుతూ వచ్చిన అరాయ్‌ను మైదానం చప్పట్లతో ఆహ్వానించింది. వెళ్లిపోవడం ద్రోహమనుకున్న ఊరు, తిరిగి రావడంతో లెక్క సరిపోయిందనుకుంది. డబ్బు కోసం వెళ్లినవాడు డబ్బు వదులుకుని వచ్చాడు కనుక.

ఈ రెండు తిరిగిరాకలకు ముందు నడిచిన కాలం నిస్సారమైనది. 1998 నుంచి 2012 వరకు 15 సీజన్లు వరసగా జట్టు పట్టిక కింది సగంలోనే ఉండిపోయింది. 2004లో రెండు జట్ల విలీనంతో జపాన్ బేస్‌బాల్ మొత్తం కుదేలై, ఆటగాళ్ల సమ్మె దాకా వెళ్లినప్పుడు, చిన్న ఊరి జట్టయిన కార్ప్ భవిష్యత్తు గురించి మళ్లీ అనుమానాలు లేచాయి. కొత్త మైదానం కావాలని ఊళ్లో మళ్లీ పీపాలు వెలిశాయి. 2009లో రైల్వే స్టేషన్‌కు దగ్గరలో కొత్త మైదానం తెరుచుకోవడంతో పరిస్థితి మారింది. జట్టు ఇంకా ఓడుతున్నా జనం రావడం పెరిగింది, ఎర్ర చొక్కాల అమ్మకం పెరిగింది. 2014 నాటికి కార్ప్ అమ్మాయిలు అన్న మాట జపాన్ అంతటా వాడుకలోకి వచ్చింది. టోక్యో ప్రాంతపు మహిళా అభిమానులను జట్టు తన ఖర్చుతో బుల్లెట్ రైలెక్కించి హిరోషిమాకు తీసుకొచ్చిన సందర్భం కూడా ఉంది. వారిలో చాలామందికి హిరోషిమాతో ఏ బంధుత్వమూ లేదు. ఊరు లేనివారు ఊరి జట్టును ఎంచుకోవడంలో ఒక తర్కం ఉంది: మహానగరంలో పుట్టినవారికి తమదని చెప్పుకోవడానికి కంపెనీ జట్లే మిగిలినప్పుడు, ఒక ఊరు నిజంగా కన్న జట్టు ఆకర్షణీయంగా కనిపిస్తుంది. పాత అభిమానుల్లో కొందరు ఈ కొత్తవారిని ఫ్యాషన్ అభిమానులని ఈసడించారు, అది ఎక్కడైనా జరిగేదే.

2016 సెప్టెంబర్ 10న, మళ్లీ టోక్యోలోనే, మళ్లీ జెయింట్స్ మీదే, 25 ఏళ్ల తర్వాత కార్ప్ లీగ్ టైటిల్ గెలిచింది. హిరోషిమా ప్రాంతంలో ఆ ఆట ప్రసారానికి సగటున 60.3 శాతం రేటింగ్ వచ్చింది. 41 ఏళ్ల కురోదా, 39 ఏళ్ల అరాయ్ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. 2017, 2018లలో కూడా టైటిల్ వారిదే. జపాన్ సిరీస్ మాత్రం 1984 తర్వాత ఇప్పటివరకు దక్కలేదు. లీగ్‌లోని జట్లన్నిటిలో ఇంత దీర్ఘమైన ఎదురుచూపు మరొకరికి లేదు.

ఈ విధేయతకు ఉన్న హామీ ఏపాటిదో తెలియాలంటే ఇతర ఊళ్లను చూడాలి. ఫుకువోకా ప్రజలు 1950లలో మూడుసార్లు వరసగా జపాన్ సిరీస్ గెలిచిన లయన్స్ జట్టును ప్రేమించడంలో హిరోషిమాకు తీసిపోయినవారు కారు. 1978 సీజన్ తర్వాత జట్టు అమ్ముడై టోక్యో శివార్లకు వెళ్లిపోయింది. అమెరికాలో 1957లో బ్రూక్లిన్ డాడ్జర్స్‌కు జరిగినదీ అదే. ఈ మధ్య కాలంలో ఓక్లాండ్ అనుభవం ఇంకా చేదైనది: 2023 జూన్ 13న, జట్టును అమ్మేయమని యజమానికి చెప్పడానికి, ఖాళీగా ఉండే మైదానాన్ని అభిమానులు పట్టుబట్టి 27,759 మందితో నింపారు. జట్టు లీగ్‌లో అత్యంత బలహీనంగా ఆడుతున్న ఏడాది అది. ఫలితం ఏమీ మారలేదు, 2024 సెప్టెంబర్ 26న అక్కడ చివరి ఆట జరిగింది. ప్రేమ తక్కువై ఏ ఊరూ జట్టును పోగొట్టుకోలేదు. నిర్ణయం చేసే కుర్చీ ఊళ్లో లేకపోవడం వల్ల పోగొట్టుకున్నాయి.

హిరోషిమాలో కూడా పీపాలో నాణెం వేసినవారికి వాటా పత్రం ఏదీ దక్కలేదు. జట్టు వాటాలు బజారులో దొరకవు, సామాన్యుడు కొనుక్కోలేడు. అక్కడ జట్టు నిలిచి ఉండడానికి కారణం యజమానులు కూడా ఊరివారే కావడం, మాజ్దా ప్రధాన కార్యాలయం, కర్మాగారం పక్కనే ఉండడం, జట్టును తరలిస్తే ఆ కుటుంబం అదే ఊళ్లో తల ఎత్తుకు తిరగలేకపోవడం. ఇది చట్టం ఇచ్చిన రక్షణ కాదు, మొహమాటం ఇచ్చిన రక్షణ. దానికి కూడా వెల పెరుగుతోంది. 2019 ఫిబ్రవరిలో టికెట్ల కోసం లాటరీ చీటీలు ఇస్తామంటే మైదానం దగ్గరికి సుమారు 50,000 మంది వచ్చి పడ్డారు, ట్రాఫిక్ స్తంభించింది. ఒకప్పుడు టికెట్టు కొన్నాక మిగిలిన చిల్లర పీపాలో వేసిన వారి మనుమలకు ఇప్పుడు టికెట్టే దొరకడం లేదన్న ఫిర్యాదు అప్పటి నుంచి వినిపిస్తూనే ఉంది.

2023 సీజన్ నుంచి మేనేజర్ కుర్చీలో అరాయ్ ఉన్నాడు. 2024లో సెప్టెంబర్ మొదట్లో మొదటి స్థానంలో ఉన్న జట్టు, ఆ నెలలో 5 గెలిచి 20 ఓడి నాలుగో స్థానానికి జారింది. అయినా ఆ ఏడాది మైదానానికి వచ్చినవారు 20 లక్షలు దాటారు.